గుండె కండరంలో కాల్షియం పని: గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడలో వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పేటప్పుడు ఈ విషయం మీద వాళ్ళు అడిగే ప్రశ్నలు ఒక రకం. ఊళ్ళో బంధువులు, పాడి రైతులు, మందుల చీటీ చేత పట్టుకుని వచ్చే పెద్దవాళ్ళు అడిగేవి ఇంకో రకం. నాకు రెండో రకమే ఎక్కువ ఇష్టం. రెండింటినీ కలిపి ఇక్కడ ఉంచాను. వరసగా చదవాలని నియమం లేదు కానీ, రెండో ప్రశ్న, మూడో ప్రశ్న చదివితే మిగతావి తేలిగ్గా బోధపడతాయి.

కాల్షియం ఎముకలకు కదా, గుండెకు దానితో ఏం పని?

ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. ఎదిగిన మనిషిలో మొత్తం కలిపి సుమారు కిలో. మిగిలిన ఆ ఒక్క వంతు మీదే గుండె కొట్టుకోవడం, నరాలు పనిచేయడం, రక్తం గడ్డకట్టడం ఆధారపడి ఉన్నాయి. ఎముకలో కాల్షియం గట్టిదనం కోసం. గుండె కణంలో మాత్రం అది ఒక సంకేతం: ముడుచుకోమని కండరానికి చెప్పే సంకేతం.

ఇందులో ఒక వింత ఉంది. గుండె కణం వదులుగా ఉన్న సమయంలో దాని లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం, కణం బయట ఉన్నదానిలో పదివేలో వంతు మాత్రమే. బయట లీటరుకు 1.2 మిల్లీమోళ్ళు ఉంటే లోపల 0.0001. ముడుచుకునే క్షణంలో కూడా లోపలిది పదింతలకు మించి పెరగదు. కణం ఇంత పిసినారిగా ఎందుకు ఉంటుందంటే, దాని శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేట్‌తో నడుస్తుంది. కాల్షియం ఎక్కువైతే ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిపడిపోతుంది. ఎముక తయారయ్యేదే అలా. కాబట్టి బతకాలంటే ఏ కణమైనా కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికి గెంటుతూ ఉండాల్సిందే. అంత తక్కువగా ఉంచుకున్నందువల్లే, కాస్త పెరిగినా ఆ పెరుగుదల కణానికి స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్కసారి గుండె కొట్టుకున్నప్పుడు లోపల జరిగేదేమిటి?

మొదట విద్యుత్తు. గుండె కుడి కర్ణికలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు, విశ్రాంతిగా ఉన్న మనిషిలో నిమిషానికి 70 సార్లకు అటూ ఇటూగా విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. అది పాకుతూ జఠరికల కణాలకు చేరుతుంది. జఠరిక కణం పైపొర పైపైనే ఆగిపోదు. సన్నని గొట్టాలుగా కణం నడిబొడ్డు దాకా చొచ్చుకుపోతుంది. సంకేతం ఆ గొట్టాల వెంట దిగగానే వాటి గోడల్లోని ఎల్-రకం కాల్షియం ద్వారాలు తెరుచుకుని, బయటి నుంచి కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది.

ఆ కొద్దిపాటితో గుండె ముడుచుకోదు. ఆ ద్వారాలకు ఎదురుగా, మిల్లీమీటరులో దాదాపు లక్షో వంతు దూరంలో, సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచి ఉంది. కణం దాచుకున్న కాల్షియం అంతా అందులోనే. ఆ సంచి గోడకు రయనోడిన్ గ్రాహకాలనే తలుపులు ఉన్నాయి. వాటికి తాళంచెవి కాల్షియమే. బయటి నుంచి వచ్చిన కొద్దిపాటి కాల్షియం తగలగానే అవి తెరుచుకుని, లోపలి నిల్వ ఒక్కసారిగా బయటపడుతుంది. మనిషి గుండెలో ఒక సంకోచానికి పనికొచ్చే కాల్షియంలో సుమారు 70 శాతం ఈ సంచి నుంచి వచ్చేదే. కాల్షియమే కాల్షియాన్ని విడుదల చేయిస్తుందన్న ఈ సంగతిని, పైపొర తీసేసిన గుండె కణాల మీద అలెగ్జాండర్ ఫాబియాటో 1970లలో, 80లలో ఓపికగా నిరూపిస్తూ వచ్చారు. 1993లో చెంగ్, లెడరర్, కానెల్ అనే శాస్త్రవేత్తలు కాల్షియం తగిలితే వెలిగే రంగును కణంలోకి ఎక్కించి సూక్ష్మదర్శినితో చూస్తే, అక్కడక్కడ చిటుక్కుమని మెరిసి ఆరిపోయే చుక్కలు కనిపించాయి. ఒక్కో మెరుపు అంటే ఒక చిన్న తలుపుల గుంపు తెరుచుకుని మూసుకోవడం. గుండె ముడుచుకున్నప్పుడు అలాంటివి వేల సంఖ్యలో ఒకేసారి మెరుస్తాయి.

ఇక అసలు లాగుడు. కండరంలో ఆక్టిన్ అనే సన్నని పోగులు, మయోసిన్ అనే లావు పోగులు పక్కపక్కనే ఉంటాయి. మయోసిన్‌కు తలలున్నాయి. అవి ఆక్టిన్‌ను పట్టుకుని లాగడానికి ఎప్పుడూ సిద్ధమే. కానీ పట్టుకోవలసిన చోటును ట్రోపోమయోసిన్ అనే పొడవాటి ప్రోటీన్ కప్పేసి ఉంచుతుంది. విడుదలైన కాల్షియం ట్రోపోనిన్‌-సి అనే ఇంకో ప్రోటీన్‌కు అతుక్కుంటే, ట్రోపోనిన్ ఆకారం మారి ఆ కప్పును పక్కకు జరుపుతుంది. తలలు పట్టుకుంటాయి, లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ ముందుకు చాచి పట్టుకుంటాయి. అంతర్వేది ఒడ్డున పెద్ద వల లాగేవాళ్ళను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ అందరూ ఒకేసారి తాడు వదలరు. ఒకరు చేయి మార్చుకుంటుంటే మిగతావాళ్ళు బిగపట్టి ఉంటారు. మయోసిన్ తలలూ అలాగే వంతులవారీగా లాగుతాయి కాబట్టే పోగు వెనక్కి జారదు.

ట్రోపోనిన్ పాత్రను 1960లలో టోక్యోలో బయటపెట్టినవారు సెత్సురో ఎబాషి. ఒక మామూలు అయాన్ ఒక్కటే కండరాన్ని నడిపిస్తుందంటే ఆ రోజుల్లో చాలామంది పెద్ద శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు.

ముడుచుకున్న గుండె మళ్ళీ ఎలా వదులవుతుంది?

నన్నడిగితే గుండె గొప్పతనమంతా ఇక్కడే ఉంది. కాల్షియాన్ని వదలడం తేలిక. తలుపు తీస్తే చాలు, దానంతటదే పారుతుంది. దాన్ని తిరిగి పోగుచేయడానికే శ్రమ, ఖర్చు, వేగం అన్నీ కావాలి. ఈ పేజీలోని మందుల ప్రశ్నల్లో సగానికి జవాబు ఈ ఒక్క మాటలో ఉంది.

సంచి గోడ నిండా సెర్కా అనే పంపులు ఉంటాయి. బయటపడ్డ కాల్షియంలో సుమారు 70 శాతాన్ని అవి తిరిగి సంచిలోకి తోడేస్తాయి. మిగతాదానిలో చాలా భాగాన్ని పైపొరలోని సోడియం-కాల్షియం మార్పిడి ప్రోటీన్ కణం బయటికి పంపుతుంది: మూడు సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి, ఒక కాల్షియాన్ని బయటికి నెడుతుంది. లెక్క ఎంత కచ్చితమంటే, ఒక చప్పుడులో బయటి నుంచి ఎంత కాల్షియం వచ్చిందో అంతా తర్వాతి చప్పుడు లోపు బయటికి పోవాలి. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండెలో ఏ మాత్రం తేడా మిగిలినా అది కూడుకుంటూ పోతుంది. నిమిషానికి 300 సార్లకు పైగా కొట్టుకునే ఎలుక గుండెకు బయటికి పంపి మళ్ళీ తెచ్చుకునే తీరిక ఉండదు. అది 90 శాతానికి పైగా సంచిలోకే తోడుకుంటుంది.

కాల్షియం తగ్గగానే ట్రోపోనిన్‌ను వదిలేస్తుంది, కప్పు మళ్ళీ మూసుకుంటుంది, గుండె వదులై రక్తంతో నిండుతుంది. ఎడమ జఠరిక కండరానికి రక్తం ఎక్కువగా అందేది కూడా అది వదులైనప్పుడే. చాలా ఏళ్ళు బీపీ అదుపులో లేనివాళ్ళలో ముడుచుకునే శక్తి బాగానే ఉండి, వదులవడం మందగించి ఆయాసం రావచ్చు. ఎకో రిపోర్టు చూసి "పంపింగ్ మామూలుగానే ఉంది కదా, ఈ ఆయాసమెందుకు?" అని అడిగేవాళ్ళలో కొందరి సంగతి ఇదే.

గుండెకు కాల్షియం కావాలని మొదట ఎవరు కనుక్కున్నారు?

లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు. కప్ప గుండెను బయటికి తీసి ఉప్పు నీళ్ళలో కొట్టుకునేలా చేసేవారు. బాగానే కొట్టుకునేది. తర్వాత తేలిందేమిటంటే, ఆ ద్రావణాన్ని కలిపింది స్వేదనజలంతో కాదు, కుళాయి నీళ్ళతో. లండన్ కుళాయి నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికి ఆగిపోయింది; కాస్త కాల్షియం లవణం చేర్చగానే తిరిగి పుంజుకుంది. ఈ సంగతి ఆయన 1883లో ప్రచురించారు.

మన ఊళ్ళ నర్సింగ్ హోముల్లో స్టాండుకు వేలాడే ఆర్‌ఎల్ సీసా పేరులో మొదటి అక్షరం ఆయనదే. దానికి లాక్టేట్ చేర్చింది 1930లలో అమెరికా వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్. అందులో ఇప్పటికీ కొద్దిగా కాల్షియం క్లోరైడ్ ఉంటుంది. అందుకే రక్తం ఎక్కించే గొట్టంలోనే ఆర్‌ఎల్ కలపరు. నిల్వ రక్తం గడ్డకట్టకుండా వేసిన సిట్రేట్‌ను ఆ కాల్షియం దెబ్బతీస్తుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి దీనితో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. టెట్రాసైక్లిన్ల పేరు చెప్పి, ఫోలిక్ ఆమ్లం పేరు చెప్పి ఆయన్ని తలచుకుంటాం. కండరం చదివేవాళ్ళకు మాత్రం అంతకు ముందు చేసిన పనే పెద్దది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివారు, 1923లో బోస్టన్ వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కండరంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని కొలుస్తూ పోతే లెక్క కుదరలేదు: అప్పటికి ఎవరికీ తెలియని ఫాస్ఫేట్ పదార్థం ఏదో ఉంది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో, కణాల పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే ఫాస్ఫేట్ పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనుక్కున్నారు. అప్పటిదాకా కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల ముడుచుకుంటుందనే సిద్ధాంతానిదే పైచేయి. ఆ దారిలో జరిగిన పరిశోధనకు 1922లో నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక ఆ సిద్ధాంతం నిలవలేదు.

పైన చెప్పిన కథలో ఏటీపీ రెండు చోట్ల ఖర్చవుతుంది. మయోసిన్ తల ఆక్టిన్‌ను వదిలి మళ్ళీ చాచుకోవడానికి ఒకటి, సెర్కా పంపు కాల్షియాన్ని తోడడానికి ఒకటి. గుండె వాడుకునే ఏటీపీలో మూడో వంతు దాకా పంపుల కోసమే పోతుంది. గుండెలో ఏ క్షణానైనా ఉండే ఏటీపీ కొద్ది సెకన్లకు మించి చాలదు. ఫాస్ఫోక్రియాటిన్ వెంట వెంటనే దాన్ని పూడుస్తూ ఉంటుంది.

పట్టుకోవడానికి కాదు, వదలడానికి ఏటీపీ కావాలన్న మాట విద్యార్థులకు ఒక పట్టాన ఎక్కదు. చేపల బజారుకు వెళ్ళి రమ్మంటాను. శీలావతి అయినా బొచ్చె అయినా, పట్టిన కొన్ని గంటలకు బిర్రుగా కొయ్యబారుతుంది. ప్రాణం పోయాక ఏటీపీ అయిపోయింది, కాల్షియం తోడేవాళ్ళు లేరు, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. తర్వాత ప్రోటీన్లే చివికిపోవడంతో మెత్తబడుతుంది. బిర్రుగా ఉన్నదాన్ని ఏరుకునే మా ఇంటి పెద్దావిడకు జీవరసాయనం తెలియదు, బేరం మాత్రం తప్పదు.

నాట్లు వేసి వచ్చిన రాత్రి పిక్క పట్టేస్తుంది. గుండె కూడా అలా పట్టేస్తుందా?

పట్టేయదు. పిక్క కండరంలో విద్యుత్ సంకేతం కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది, ముడుచుకోవడం మాత్రం అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది. మొదటిది సడలకముందే రెండోది, మూడోది వచ్చి పడితే బిగువు పేరుకుపోతుంది. గుండె జఠరికలో ఒక్క సంకేతమే 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఉంటుంది. అంతసేపు సాగదీసేది లోపలికి వస్తున్న కాల్షియమే. ఆ సంకేతం ముగిసేలోపు కణం ఇంకో సంకేతాన్ని తీసుకోదు. ముగిసేసరికి గుండె సడలడం చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఇంకో తేడా పరీక్షల్లో అడుగుతారు. పిక్క కండరంలో పైపొర ద్వారం సంచి తలుపును నేరుగా కదిలిస్తుంది, బయటి కాల్షియం లోపలికి రావలసిన పని లేదు. గుండెలో వచ్చి తీరాలి. రింగర్ ద్రావణంలో కాల్షియం లేనప్పుడు కప్ప గుండె ఆగిపోయిన కారణం అదే. మరొకటి: సంకోచాన్ని నియంత్రించే కాల్షియం స్థానాలు పిక్క కండరం ట్రోపోనిన్-సిలో రెండు, గుండె ట్రోపోనిన్-సిలో ఒక్కటే.

సంక్రాంతికి కోడిపందెం బరి దగ్గర గుండె దడదడలాడుతుంది. అప్పుడు కాల్షియం ఎక్కువవుతుందా?

పందెం చట్టం ఒప్పుకోనిదన్న సంగతి పక్కన పెడదాం. అవును, రక్తంలో కాదు, గుండె కణంలో. ఉద్వేగానికి అడ్రినలిన్, నార్అడ్రినలిన్ విడుదలై గుండె కణం మీది బీటా గ్రాహకాలను తాకుతాయి. ఎల్-రకం ద్వారాల్లోంచి కాల్షియం ఎక్కువ వస్తుంది, సంచిలో నిల్వ పెరుగుతుంది, ప్రతి చప్పుడూ బలంగా పడుతుంది.

అంతటితో ఆగితే ప్రమాదమే. నిమిషానికి 150 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో విడతకు 0.4 సెకను మాత్రమే దొరుకుతుంది. అంతలో ముడుచుకోవాలి, సడలాలి, నిండాలి. అందుకని అడ్రినలిన్ తోడే పనిని కూడా వేగవంతం చేస్తుంది. సెర్కా పంపును మామూలు సమయాల్లో ఫాస్ఫోలాంబన్ అనే చిన్న ప్రోటీన్ అదిమిపట్టి ఉంచుతుంది. అడ్రినలిన్ ప్రభావంతో ఆ పట్టు సడలి పంపు జోరందుకుంటుంది. ట్రోపోనిన్ కూడా కాల్షియాన్ని త్వరగా వదిలేస్తుంది.

కాలువలో ఈదుతూ, పరుగెత్తుతూ పిల్లవాడు స్పృహ తప్పితే దీనికి సంబంధం ఉంటుందా?

ఉండవచ్చు. రయనోడిన్ గ్రాహకంలో పుట్టుకతో లోపం ఉన్న కొందరిలో అడ్రినలిన్ పెరిగినప్పుడు సంచి నుంచి కాల్షియం వేళ కాని వేళ కారుతుంది. దాంతో గుండె లయ తప్పుతుంది. అరుదైన జబ్బే, కానీ ప్రాణాంతకం. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. ట్రెడ్‌మిల్ మీద పరీక్షిస్తే బయటపడుతుంది. శ్రమలో స్పృహ తప్పడాన్ని ఎండ దెబ్బ అనో భయపడ్డాడనో వదిలేయకుండా గుండె వైద్యులకు చూపించాలి.

మా గేదె ఈనిన మర్నాడు కూలబడింది. పశువుల డాక్టరు గారు కాల్షియం సీసా ఎక్కిస్తూ, స్టెతస్కోపు దాని గుండె మీంచి తీయలేదు. ఎందుకు?

పాలజ్వరం అంటారు, పేరుకు జ్వరమే కానీ ఒళ్ళు చల్లబడుతుంది. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం కుమ్మరించినట్టు పోతుంది. ఒక పెద్ద పాడి ఆవు రక్తంలో ఏ సమయంలోనైనా ఉండే కాల్షియం మూడు గ్రాములకు అటూ ఇటూ. పది లీటర్ల జున్నుపాలలో పోయేది 20 గ్రాములు దాటుతుంది. ఎముకల నుంచి, మేత నుంచి ఆ లోటు పూడేలోపు పశువు కూలబడిపోతుంది. కాళ్ళు చచ్చుబడటానికి కారణం కండరం కాదు. నరం తన కబురును కండరానికి అందించడానికి బయటి కాల్షియం కావాలి. గుండెకూ అంతే, బయటి కాల్షియం తగ్గితే చప్పుడు బలహీనమై దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది.

కాల్షియం బోరోగ్లూకోనేట్ ఎక్కిస్తుంటే చూస్తుండగానే లేచి నిలబడే గేదెలున్నాయి. ఏ వైద్యంలోనైనా ఇంత త్వరగా ఫలితం కనబడటం అరుదు. కానీ సిరలోకి వెళ్ళిన మందు ముందు చేరేది గుండెకే. గబగబా పోస్తే ఒక్కసారిగా కాల్షియం ఎక్కువై, గుండె నెమ్మదించి, లయ తప్పి, ఆగిపోవచ్చు. చప్పుడు తేడా రాగానే ఆపడానికే ఆయన వింటూ ఉన్నారు. మనుషులకు ఇచ్చేటప్పుడూ ఇంతే, ఈసీజీ తెర చూస్తూ నెమ్మదిగా ఇస్తారు. సీసా కొనుక్కొచ్చి సొంతంగా ఎక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు.

కాల్షియం మాత్రలు వేసుకుంటే గుండె బలపడుతుందా? తాంబూలంలో సున్నం సంగతి?

బలపడదు. రక్తంలో కాల్షియాన్ని పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్ డి కలిసి ఇరుకైన హద్దుల్లో పట్టి ఉంచుతాయి. మీరు మింగింది ఎముకలకు చేరవచ్చు, మూత్రంలో పోవచ్చు. గుండె కణం సంచిలోకి అదనంగా ఏమీ చేరదు. ఎముకల కోసం డాక్టరు రాస్తే వాడండి. ఇక తాంబూలం: అందులోని వక్కకు నోటి కాన్సర్‌తో ఉన్న సంబంధం చూస్తే, సున్నం లాభాల గురించి మాట్లాడుకోవడం దండగ.

రిపోర్టులో కాల్షియం తక్కువ అని వచ్చింది. గుండెకు ప్రమాదమా?

పెద్దవాళ్ళలో సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అందులో సగానికి దగ్గరగా అల్బుమిన్ వంటి ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. గుండెకు పనికొచ్చేది స్వేచ్ఛగా ఉన్న సగమే. కాలేయ జబ్బుతోనో, పోషణ లేకో అల్బుమిన్ తగ్గినవాళ్ళలో మొత్తం అంకె తక్కువగా కనిపించినా అసలు సరుకు సరిపడా ఉండవచ్చు. అందుకే అల్బుమిన్ కూడా చూస్తారు, లేదా అయానిక కాల్షియం విడిగా కొలుస్తారు.

నిజంగా తగ్గితే పెదాల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్ళు కొంకర్లు పోవడం, ఈసీజీలో క్యూటీ విరామం (జఠరికల విద్యుత్ సంకేతం సాగే కాలం) పెరగడం కనిపిస్తాయి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఇలా జరగడం తెలిసిన సంగతే. విటమిన్ డి తీవ్రంగా లోపించిన పసిపిల్లల్లో గుండె ఉబ్బి బలహీనపడటం, కాల్షియం, విటమిన్ డి ఇచ్చాక కోలుకోవడం వైద్యులు చూశారు. కాల్షియం ఇస్తే గుండె నిజంగానే బలపడే సందర్భం అది.

బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. కాల్షియాన్ని అడ్డుకునే మందట. ఎముకలు గుల్లబారవా?

గుల్లబారవు. అది రక్తంలోని కాల్షియాన్ని తగ్గించదు. రక్తనాళాల గోడల్లోని నునుపు కండరంలో ఎల్-రకం ద్వారాలను మూసి ఉంచుతుంది. నాళాలు వెడల్పై బీపీ దిగుతుంది. ఆ కండరంలో ట్రోపోనిన్ ఉండదు, కాల్షియం అక్కడ కాల్మోడ్యులిన్ అనే వేరే ప్రోటీన్ ద్వారా పనిచేస్తుంది. అమ్లోడిపిన్ గుండె మీద చూపించే ప్రభావం చాలా తక్కువ. మడమల దగ్గర వాపు వస్తే డాక్టరుకు చెప్పండి.

అదే కుటుంబంలోని వెరాపమిల్, డిల్టియాజెమ్ అలా కాదు. అవి గుండె మీద నేరుగా పనిచేసి వేగాన్ని, బలాన్ని తగ్గిస్తాయి. పంపింగ్ బాగా తగ్గినవాళ్ళకు వాటిని ఇవ్వరు.

సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందన్నారు. పాలు మానేయాలా?

అక్కర్లేదు. అది ఈ పేజీలో చెప్పుకుంటున్న కాల్షియం కాదు. నాళాల గోడల్లో కొవ్వు పేరుకుని, వాపు వచ్చి, ఏళ్ళ తరబడి మాగిన చోట్ల సున్నం పట్టినట్టు గట్టిపడుతుంది. పొగాకు, బీపీ, షుగరు, కొలెస్టరాల్ మీద దృష్టి పెట్టండి.

ఛాతీనొప్పితో వెళ్తే ట్రోపోనిన్ పరీక్ష చేశారు. పైన చెప్పిన ట్రోపోనిన్ ఇదేనా?

ఆ కుటుంబమే. కాల్షియాన్ని పట్టుకునేది ట్రోపోనిన్-సి. దానితో జతగా ఉండే ట్రోపోనిన్-ఐ, ట్రోపోనిన్-టి గుండెలో ప్రత్యేకమైన రూపంలో ఉంటాయి. గుండె కణాలు దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. కొన్ని గంటలు పట్టవచ్చు కాబట్టి మొదటిది మామూలుగా వచ్చినా మళ్ళీ చేస్తారు. రెండోసారి డబ్బు గుంజడానికే అని గొడవపడకండి.

డిజాక్సిన్ మాత్ర, పచ్చగన్నేరు చెట్టు ఒకే రకంగా పనిచేస్తాయంటారు?

అవును. 1785లో ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు డిజిటాలిస్ (డిజాక్సిన్ ఈ జాతి మొక్కల నుంచి వచ్చిందే) ఆకుతో ఒళ్ళు నీరు పట్టిన రోగులకు చేసిన వైద్యాన్ని రాసిపెట్టారు. అదెలా పనిచేస్తుందో తెలియడానికి మరో రెండు శతాబ్దాలు దాదాపుగా పట్టింది. ఆ మందు సోడియం-పొటాషియం పంపును అడ్డుకుంటుంది. కణంలో సోడియం పెరుగుతుంది. సోడియం లోపలే పేరుకుంటే, మూడు సోడియం ఇచ్చి ఒక కాల్షియం పంపే మార్పిడి మందగిస్తుంది. బయటికి పోవలసిన కాల్షియం సంచిలోకి చేరి, తర్వాతి చప్పుడు బలంగా పడుతుంది.

మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. వాంతులు, చూపు పసుపుపచ్చగా మారడం, నాడి నెమ్మదించడం కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఒంట్లో పొటాషియం తగ్గితే ముప్పు పెరుగుతుంది. గన్నేరు జాతుల్లోనూ ఇదే తరహా పదార్థాలున్నాయి, చెట్టంతా విషమే. కంచె పక్కన పూలకు పెంచుకుంటే చిన్నపిల్లలు నోట పెట్టకుండా చూడండి. పెడితే పసర్లు, నాటు విరుగుళ్ళు ప్రయత్నించకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

మా నాన్నగారి గుండె పంపింగ్ 30 శాతమే అన్నారు. కాల్షియం పెంచే మందు ఇస్తే బలపడదా?

ఒకప్పుడు వైద్యులూ ఇలాగే ఆలోచించారు. బలహీనపడ్డ గుండెలో సెర్కా పంపులు తగ్గి, రయనోడిన్ తలుపులు కారుతూ, సంచిలో నిల్వ పలచబడుతుంది. అందుకని కణంలోకి కాల్షియం ఎక్కువగా రప్పించే మిల్రినోన్‌ను మాత్రల రూపంలో ఇచ్చి చూశారు. 1991లో ఫలితాలు వచ్చాయి: మాత్ర వాడినవాళ్ళలోనే మరణాలు ఎక్కువ. అలసిన గుండెకు అదనపు కాల్షియం తోడే శక్తి లేదు. కారిన కాల్షియంతో లయ తప్పుతుంది, ఏటీపీ ఖర్చు పెరుగుతుంది. ఆసుపత్రిలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, కొద్ది కాలం ఇలాంటి మందులు సిరలోకి ఇస్తారు. అది వేరే సంగతి.

ఆయుష్షు పెంచినవి దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే బీటా బ్లాకర్లు. అడ్రినలిన్ ఒత్తిడిని తగ్గించి గుండెకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాయి. బలహీనమైన గుండెకు ఇవ్వకూడదని పాతరోజుల్లో గట్టిగా చెప్పిన మందులివి. 1999కల్లా పెద్ద పరిశీలనల్లో మరణాలు తగ్గిస్తాయని తేలింది. జన్యుచికిత్సతో సెర్కా పంపులనే పెంచాలని కూడా ప్రయత్నించారు. నాకు చాలా ఆశలున్న దారి అది. 2016లో వెలువడిన పెద్ద పరిశీలనలో ప్రయోజనం కనబడలేదు.

నాన్నగారికి రాసిచ్చిన మెటోప్రోలాలో కార్వెడిలాలో మొదటి వారాల్లో నీరసం కలిగించవచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. ఏడాది తర్వాత పంపింగ్ 50 శాతానికి వచ్చిందని చెప్పి మందుల పెట్టె అటకెక్కించవద్దు. గుండె ఉబ్బి బలహీనపడి, మళ్ళీ పూర్తిగా కోలుకున్నవాళ్ళకు బ్రిటన్‌లో వైద్యులు దగ్గరుండి మందులు ఆపి చూశారు. ఆరు నెలల్లో పదిమందిలో నలుగురికి పైగా జబ్బు తిరగబెట్టింది.